రింగులో రింగు: గొలుసు అల్లిక వెనుక లోహశాస్త్రం

ప్రొద్దుటూరులో బంగారు గొలుసు కొనేవాళ్లు తూకం చూస్తారు, హాల్‌మార్కు చూస్తారు, మెడలో వేసుకుని అద్దంలో చూసుకుంటారు. గొలుసులోని ఒక్క రింగును విడిగా చూసేవాళ్లు తక్కువ. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి రింగులోనూ ఒక అతుకు ఉంటుంది. తీగను వలయంగా వంచి, రెండు కొనలు కలిసిన చోట మాటు పెట్టి కరిగించిన గుర్తు అది. మంచి పనివాడి చేతిలో అది కంటికి ఆనదు.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల విభాగంలో గొలుసు కవచాలు ఉన్నాయి. అవీ రింగులే. వేల ఇనుప రింగులు ఒకదానిలో ఒకటి దూరి, గుడ్డలాగా ఒంటి మీద జారే అంగీగా మారాయి. మన దేశపు పాత కవచాల్లో చాలావాటి రింగులకు మాటు ఉండదు. కొన్నింటి కొనలను చదును చేసి, సన్నని రివెట్టు దిగ్గొట్టారు. కొన్నింటిలో రెండు కొనలనూ ఒకదానికొకటి ఆనించి వదిలేశారు, అంతే.

బంగారు రింగుకు నిప్పు లేనిదే పని జరగదు. ఇనుప రింగుకు రెండు పట్టకార్లు చాలు. ఈ తేడా ఎందుకో అర్థమైతే గొలుసు అల్లిక నేర్చుకోవాలనుకునేవారికి కావలసిన శాస్త్రం దాదాపు అంతా అర్థమైనట్టే. గొలుసు బలంలో లోహం పాలు సగమే. మిగతా సగం రింగు కొలతలోనూ, కొనలు కలిసిన తీరులోనూ ఉంది.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పేరుమోసిన ఊరు. రెండో ముంబై అని ముద్దుగా పిలుచుకుంటారు. ఆ అంగళ్ల వెనుక కుంపటి, ఊదుగొట్టం, పట్టకారు, కమ్మచ్చులతో తరతరాలుగా పనిచేసిన కంసాలి ఆచారులు ఉన్నారు. వాళ్ల చేతికి తెలిసిన విద్యనే లోహశాస్త్రం గత నూరేళ్లలో అణువుల భాషలో చెప్పింది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడానికి గొలుసు కన్నా మంచి వస్తువు లేదు.

తీగ ఎలా పుడుతుంది

గొలుసు రింగుతో మొదలవుతుందనుకుంటాం. నిజానికి తీగతో మొదలవుతుంది. కరిగించి పోసిన లోహపు కడ్డీని సుత్తితో సాగగొట్టి, ఒక కొనను సన్నగా చేసి, కమ్మచ్చులోని రంధ్రం గుండా లాగుతారు. కమ్మచ్చు అంటే గట్టి ఉక్కు పలక. దానికి ఒకదాని కన్నా ఒకటి సన్నగా వరసగా రంధ్రాలుంటాయి. ఒక రంధ్రంలోంచి లాగాక పక్కనున్న సన్న రంధ్రంలోంచి, ఆ తర్వాత ఇంకా సన్న రంధ్రంలోంచి లాగుతూ పోతారు.

ఇందులో లోహం తరిగిపోదు, ఆకారం మారుతుంది. అందుకే మందం సగమైతే పొడవు నాలుగింతలవుతుంది. 22 క్యారట్ల బంగారం 10 గ్రాములు తీసుకుని ఒక మిల్లీమీటరు తీగగా లాగితే సుమారు 72 సెంటీమీటర్లు వస్తుంది. దాన్నే అర మిల్లీమీటరుకు లాగితే 2.9 మీటర్ల దాకా సాగుతుంది. మేలిమి బంగారమైతే ఒక్క గ్రామును రెండు కిలోమీటర్లకు పైగా పొడవైన తీగగా లాగవచ్చు. బడి పుస్తకాల్లో తాంతవత అని చదువుకునే గుణం ఇదే.

లోహం ఎందుకిలా సాగుతుంది? లోహంలో పరమాణువులు వరసలు కట్టి ఉంటాయి. ఆ వరసల్లో అక్కడక్కడ తప్పులుంటాయి. ఒక అర వరస మధ్యలో ఆగిపోయి ఉంటుంది. వీటిని స్థానభ్రంశాలు అంటారు. లోహాన్ని లాగినప్పుడు ఒక పొర మొత్తం ఇంకో పొర మీద ఒక్కసారిగా జారదు. ఈ తప్పు ఒక వరస నుంచి పక్క వరసకు, అక్కడి నుంచి ఆ పక్క వరసకు కదులుతూ పోతుంది. పెద్ద జంపఖానాను ఒక్కరే లాగలేరు గానీ ఒక అంచున మడత లేపి, ఆ మడతను అవతలి అంచు దాకా తోసుకుంటూ పోతే జంపఖానా మొత్తం జరుగుతుంది. స్థానభ్రంశం చేసే పనీ ఇదే. బంగారం, వెండి, రాగి, అల్యూమినియం నాలుగింటిలోనూ పరమాణువుల అమరిక ఒకే రకంగా, ఈ జారుడుకు చాలా దారులు ఇచ్చేట్టుగా ఉంటుంది. అందుకే అవి అంత తేలిగ్గా తీగలవుతాయి.

అయితే లాగేకొద్దీ ఈ తప్పులు లక్షల రెట్లు పెరుగుతాయి. ఒకదాని దారికి ఒకటి అడ్డుపడి చిక్కుపడతాయి. తీగ గట్టిపడుతుంది. ఇంకా లాగితే పుటుక్కున తెగుతుంది. అందుకే రెండు మూడు రంధ్రాలు లాగగానే ఆచారి తీగను నిప్పుల మీద ఎర్రబడేదాకా కాల్చి మెత్తబరుస్తాడు. ఆ వేడికి పరమాణువులు కదిలి, చిక్కులు లేని కొత్త స్ఫటికాలుగా సర్దుకుంటాయి. తీగ మళ్లీ మెత్తబడి, మళ్లీ సాగడానికి సిద్ధమవుతుంది. ఎంత ఎరుపు వచ్చాక ఆపాలో ఆచారి కంటితోనే పోల్చుకుంటాడు. ప్రయోగశాలలో దాన్నే ఉష్ణోగ్రతగా కొలుస్తారు.

కొత్తగా నేర్చుకునేవారికి ఇందులో నేరుగా పనికొచ్చే మాట ఒకటుంది. రింగును తెరవడం, మూయడం కూడా లోహాన్ని వంచడమే. తప్పుగా మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూస్తూ పోతే ఆ చోట తీగ గట్టిపడి, పెళుసై విరుగుతుంది. ఒక రింగును ఒక్కసారి తెరిచి ఒక్కసారి మూయడం అలవాటు చేసుకోవాలి.

ఏ తీగ కొనాలి

నేర్చుకోవడానికి బంగారం, వెండి అక్కరలేదు. పులివెందుల చుట్టుపక్కల చీనీ, అరటి తోటలున్న చోట హార్డ్‌వేర్ అంగళ్లలో జీఐ తీగ దొరకడం కష్టం కాదు. తోటల చుట్టూ వేసే చైన్‌లింక్ కంచెకు వాడేది ఇదే. ఆ కంచె మన గొలుసు అల్లికకు దగ్గరి చుట్టం. అందులో రింగులుండవు. వంకరలు తిరిగిన పొడవాటి తీగలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని డైమండ్ గళ్లు పడతాయి. ఒక తీగను మెలితిప్పి బయటికి లాగేస్తే కంచె రెండు ముక్కలుగా విడిపోతుంది. గొలుసు అల్లికలో అలా కుదరదు. ప్రతి రింగూ విడివిడిగా మూసుకుని ఉంటుంది కాబట్టి ఒక రింగు పోతే ఆ చోట చిన్న చిల్లు పడుతుంది గానీ అల్లిక మొత్తం విచ్చుకోదు.

కంచె తీగ రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. చేతి పనికి అది మొరటు. మొదటి పాఠానికి 1.6 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ మేలు. తేలిగ్గా వంగుతుంది, వేళ్లు నొప్పి పుట్టవు. 8 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో వెయ్యి రింగులు చేయడానికి సుమారు 30 మీటర్ల తీగ పడుతుంది. ఆ వెయ్యి రింగులూ అల్యూమినియమైతే 165 గ్రాములు, ఇనుమైతే 475 గ్రాములు తూగుతాయి. ఒకే కొలత, ఒకే అల్లిక అయినా తూకం దాదాపు మూడింతలు. ఒంటి నిండా ఇనుప కవచం తొడుక్కుని యుద్ధం చేసినవాళ్ల అవస్థ ఈ లెక్కలోనే కనిపిస్తుంది.

తీగ కొనేటప్పుడు గేజి విషయంలో జాగ్రత్త పడాలి. మన అంగళ్లలో వాడేది బ్రిటిష్ పద్ధతి గేజి. దాని ప్రకారం 16 గేజి తీగ 1.63 మిల్లీమీటర్లు. అమెరికా పద్ధతిలో రాగి, అల్యూమినియం తీగలకు అదే 16 గేజి అంటే 1.29 మిల్లీమీటర్లు. విదేశీ పుస్తకంలోనో వీడియోలోనో గేజి అంకె చూసి ఇక్కడ తీగ తెచ్చుకుంటే అల్లిక కుదరదు. ఎప్పుడూ మిల్లీమీటర్లలోనే అడగండి. వీలైతే వెర్నియర్‌తో కొలిచి తెచ్చుకోండి.

జీఐ తీగ గురించి ఒక హెచ్చరిక. దాని మీద జింకు పూత ఉంటుంది. దాన్ని మెత్తబరచాలని నిప్పుల్లో కాల్చకూడదు. జింకు పొగ పీలిస్తే చలిజ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. వెల్డింగు పనివాళ్లకు ఇది తెలిసిన జబ్బే.

అసలు రహస్యం ఒక నిష్పత్తి

తీగను ఒక ఇనుప కడ్డీ మీద బిగుతుగా, చుట్టు పక్కన చుట్టు పడేలా చుట్టాలి. స్ప్రింగులాంటి చుట్ట వస్తుంది. చేయి వదలగానే అది కొద్దిగా విచ్చుకుంటుంది. వంచిన లోహంలో కొంత వంపు శాశ్వతంగా నిలుస్తుంది, కొంత వెనక్కి వస్తుంది. ఆ వెనక్కి వచ్చేది స్థితిస్థాపకత. గట్టి తీగ ఎక్కువగా, మెత్తని తీగ తక్కువగా వెనక్కి వస్తుంది. అందుకే 8 మిల్లీమీటర్ల కడ్డీ మీద చుట్టిన రింగు లోపలి వ్యాసం 8 కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. ముందు నాలుగు చుట్లు చుట్టి, కొలిచి, ఆ తర్వాతే మిగతా తీగ చుట్టడం మంచి పద్ధతి.

లోపలి వ్యాసాన్ని తీగ మందంతో భాగిస్తే వచ్చే అంకె గొలుసు అల్లికకు మూలాధారం. 8ని 1.6తో భాగిస్తే 5. ఈ నిష్పత్తి ఒకటే అయితే రింగు పెద్దదైనా చిన్నదైనా అల్లిక ఒకేలా కనిపిస్తుంది, ఒకేలా కదులుతుంది. నిష్పత్తి మారితే అదే అల్లిక వేరే వస్తువవుతుంది. 3 కన్నా తగ్గితే, ఒక రింగులోంచి నాలుగు పొరుగు రింగులు పోయే మామూలు కవచపు అల్లికకు చోటు చాలదు. 4కు దగ్గరైతే అల్లిక దట్టంగా, బిర్రుగా ఉంటుంది. 5 దగ్గర గుడ్డలాగా వాలుతుంది. 7 దాటితే వదులై, వలలాగా గాలి ఆడుతుంది. కొత్తవాళ్లకు 5 సరైన చోటు. వేళ్లకు, పట్టకారుకు చోటుంటుంది, అల్లిక ఆకారమూ నిలబడుతుంది.

కోయడం, తెరవడం, మూయడం

చుట్టను రింగులుగా కోయడానికి రెండు దారులున్నాయి. కటింగ్ ప్లయరుతో ఒక్కొక్క చుట్టునూ తుంచవచ్చు. పని త్వరగా అవుతుంది గానీ ప్లయరు తీగను కోయదు, రెండు వైపులా నొక్కి చీలుస్తుంది. కొనలు ఉలి మొనల్లా వస్తాయి. రెండు మొనలు ఎదురెదురుగా నిలబడితే మధ్యలో ఖాళీ తప్పదు. నగల పనివాళ్లు వాడే సన్న పళ్ల రంపంతో కోస్తే కొనలు చదునుగా వస్తాయి, ఒకదానికొకటి పూర్తిగా ఆనుకుంటాయి. ఓపిక ఉన్నవాళ్లకు రంపమే మేలు. ఏ దారి పట్టినా కళ్లకు అద్దాలు తప్పనిసరి. తెగిన ముక్క ఎగిరి కంట్లో పడే పని ఇది.

రింగును రెండు పట్టకార్లతో కోతకు అటూ ఇటూ పట్టుకోవాలి. ఒక కొనను ముందుకు, ఒక కొనను వెనక్కు తిప్పి తెరవాలి. కొనలను దూరంగా విడదీసి తెరిస్తే రింగు వంపే మారిపోతుంది. మూసినప్పుడు అది గుండ్రంగా రాదు, కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. పక్కకు తిప్పితే వంపు చెదరదు. తీగ కొద్దిగా మెలిపడుతుందంతే, తిరిగి తిప్పితే పాత చోటికి వస్తుంది.

మూసేటప్పుడు కొనలు సరిగ్గా ఎదురెదురుగా వచ్చేదాకా తిప్పి ఆపితే సరిపోదు. స్థితిస్థాపకత వల్ల అవి మళ్లీ కాస్త వెనక్కి పోతాయి. అందుకే ఒక కొనను రెండోదాని కన్నా కొంచెం అవతలికి దాటించి, లోపలికి నొక్కుతూ వెనక్కి తేవాలి. రెండు కొనలూ రాసుకుంటూ, టిక్కున ఒకదానికొకటి ఆనుకుంటాయి. కొన్ని రింగులు పాడైతే గానీ ఈ చిన్న కదలిక చేతికి పట్టుబడదు. అతుకు మీద వేలి గోరు నడిపితే గోరు తట్టుకోకూడదు. పరీక్ష ఇదొక్కటే.

ఒకటిలో నాలుగు

ప్రపంచమంతటా కవచాలకు ఎక్కువగా వాడిన అల్లికలో ప్రతి రింగూ నాలుగు పొరుగు రింగుల్లోంచి పోతుంది. దీన్ని నేర్చుకుంటే మిగతావాటికి పునాది పడినట్టే.

ముందు నాలుగు రింగులను మూసి పెట్టుకోండి. ఐదో రింగును తెరిచి, ఈ నాలుగింటినీ అందులోకి ఎక్కించి మూయండి. అలాంటి ఐదు రింగుల గుత్తులు కొన్ని చేసుకోండి. ఒక గుత్తిని బల్ల మీద పరిచి, రెండు రింగులను పైకి, రెండింటిని కిందికి సర్దండి. మధ్య రింగు ఒక వైపు వాలి ఉంటుంది. దాని కింద ఇంకో గుత్తిని అలాగే పరచండి. మొదటి గుత్తి అడుగు రింగులు రెండు, రెండో గుత్తి పై రింగులు రెండు కలిపి నాలుగింటినీ ఒక కొత్త రింగుతో కలపండి. పట్టీ పొడవు పెరుగుతుంది. రెండు పట్టీలను పక్కపక్కన పెట్టి, ఇదే లెక్కన కొత్త రింగులతో కుట్టుకుంటూ పోతే గుడ్డ వెడల్పవుతుంది.

చూడవలసింది వాలు. ఒక వరస రింగులు ఎడమకు వాలితే పక్క వరస కుడికి వాలాలి. వాలు తప్పిందంటే రింగు తప్పు చోట దూరిందని అర్థం. లెక్కపెట్టడం కన్నా కంటికి ఈ వాలు అలవాటు చేసుకోవడమే త్వరగా తప్పు పట్టిస్తుంది.

చిన్న ముక్క పూర్తయ్యాక దాన్ని ఒక అంచు పట్టుకుని వేలాడదీయండి. తర్వాత పావు చుట్టు తిప్పి పక్క అంచు పట్టుకుని వేలాడదీయండి. ఒక దిక్కున రింగులు విచ్చుకుని ముక్క సాగుతుంది. ఇంకో దిక్కున రింగులు దగ్గరపడి ముడుచుకుంటుంది. లోహం అదే, రింగు అదే, అల్లిక అదే. దిక్కును బట్టి గుణం మారింది. చెక్కను నిలువునా చీల్చినంత తేలిగ్గా అడ్డంగా విరవలేకపోవడానికీ కారణం ఇలాంటిదే. భౌతికశాస్త్రంలో పెద్ద అధ్యాయాన్ని అరచేతి ముక్క మీద చూపించవచ్చు.

అతుకు లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. బంగారు రింగుకు మాటు ఎందుకు తప్పదు?

కొనలు ఆనించి వదిలిన రింగును లాగితే తీగ తెగదు, రింగు విచ్చుకుంటుంది. కోత ఉన్న వైపు బలం మోయదు కాబట్టి భారమంతా ఎదుటి వైపు వంపు మీద పడి దాన్ని నిటారుగా చేస్తుంది. ఆ వంపు ఎంత తట్టుకుంటుందన్నది తీగ మందపు ఘనం మీద ఆధారపడుతుంది. రింగు అంతే ఉండి తీగ మందం రెట్టింపైతే తట్టుకునే బలం సుమారు 8 రెట్లవుతుంది. తీగ అంతే ఉండి రింగు రెట్టింపైతే బలం సగమవుతుంది. 1.6 మిల్లీమీటర్ల మామూలు ఇనుప తీగతో చేసిన 8 మిల్లీమీటర్ల రింగు, లెక్క ప్రకారం, మూడు నాలుగు కిలోల లాగుడుకు విచ్చుకోవడం మొదలుపెడుతుంది. అదే రింగుకు అతుకు గట్టిగా పడితే రెండు వైపులూ భారం మోస్తాయి. అది తెగడానికి వంద కిలోల దగ్గర లాగాలి. కొనలు కలిశాయా లేదా అన్న ఒక్క తేడా బలాన్ని ఇరవై రెట్లకు పైగా మార్చింది.

బంగారు గొలుసులో తీగ అర మిల్లీమీటరు ఉందనుకుందాం, రింగు లోపలి వ్యాసం రెండు మిల్లీమీటర్లు. కాల్చి మెత్తబరచిన 22 క్యారట్ల బంగారంతో చేసిన ఇలాంటి రింగు మాటు లేకుండా రెండు వందల గ్రాముల అటూ ఇటూ లాగుడుకే విచ్చుకుంటుంది. చంకలోని పసిపిల్ల వేలు తగిలిస్తే చాలు, గొలుసు జారిపోతుంది. అందుకే ప్రతి రింగుకూ మాటు. 10 గ్రాముల బంగారంతో ఈ కొలతలో సుమారు 365 రింగులు వస్తాయి, గొలుసు 73 సెంటీమీటర్ల పొడవవుతుంది. అంటే 365 అతుకులు. చేత్తో చేసిన గొలుసు మజూరీలో ఈ అతుకుల ఓపిక కూడా ఉంది.

మాటు పని నిప్పు ఒక్కదానితో అయ్యేది కాదు. మాటు అంటే రింగు కన్నా తక్కువ వేడికి కరిగే మిశ్రమం. మాటుతో పాటు పెట్టే వెలిగారం కరిగి, కొనల మీది ఆక్సైడు పొరను తనలో కలుపుకుని లోహాన్ని శుభ్రం చేస్తుంది. కరిగిన మాటు సన్నని సందులోకి తనంతట తనే పాకుతుంది. దీపపు వత్తిలోకి నూనె ఎక్కించే కేశనాళికీయతే ఇక్కడా పనిచేస్తుంది. సందు వెడల్పుగా ఉంటే ఆ పాకుడు సరిగా జరగదు. మాటు పెట్టే రింగుకు కూడా ముందు కొనలు చక్కగా ఆనాలి. చల్లని చేతిపనిలో నేర్చుకున్న మూత వేడి పనికీ పునాది అవుతుంది.

ఈ అతుకుల్లోనే బంగారం నాణ్యత కథ కూడా దాగి ఉంది. పాతరోజుల మాటులో రాగి, వెండి పాళ్లు ఎక్కువ. వందల అతుకులున్న గొలుసును కరిగిస్తే బంగారం చెప్పిన క్యారట్ల కన్నా తగ్గేది. దానికి విరుగుడుగా కాడ్మియం కలిపిన మాటు వచ్చింది. నూటికి 92 పాళ్ల బంగారం ఉన్నా అది తక్కువ వేడికి కరుగుతుంది. కేడీఎం అని జనం నోట నానింది అదే. కానీ కాడ్మియం 767 డిగ్రీల సెల్సియస్‌కే మరిగి ఆవిరవుతుంది. ఆ పొగ ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. నగ పెట్టుకున్నవారికి కాదు, చేసినవారికి ఆ ముప్పు. భారతీయ ప్రమాణాల సంస్థ కాడ్మియం మాటును ఒప్పుకోదు. ఇప్పుడు నగ మీద చూడవలసింది కేడీఎం అన్న మాట కాదు. 22 క్యారట్లకు 916 అంకె, 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైన ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ గుర్తు చూడాలి.

గండికోట నుంచి ఆదోని దాకా

గొలుసు కవచం మన దగ్గర పుట్టలేదు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటి కవచపు ముక్కలు తూర్పు ఐరోపాలో కెల్టుల సమాధుల్లో దొరికాయి. రోమన్లు దాన్ని అందుకున్నారు. పర్షియా, మధ్య ఆసియాల మీదుగా అది దక్కనుకు చేరింది. 1680ల చివర ఆదోని కోట మొగలుల చేతికి చిక్కాక, వారి తరఫున పోరాడిన బికనీరు రాజు అనూప్ సింగ్ అక్కడి కవచాలను, ఆయుధాలను ఎన్నింటినో తన కోటకు తరలించాడు. వాటి మీద ఆదోని పేరు చెక్కించాడు. వాటిలో కొన్ని నేడు దేశవిదేశాల మ్యూజియాల్లో ఉన్నాయి.

మన దేశపు పనివాళ్లు రింగుకు ఒక ప్రత్యేకత చేర్చారు. వలయం మధ్యలో అడ్డంగా చిన్న కమ్మీ ఉన్న రింగులతోనూ కవచాలు అల్లారు. అలాంటి రింగు గ్రీకు అక్షరం తీటాలాగా కనిపిస్తుంది. ఆ కమ్మీ రింగు నడిమి ఖాళీని రెండుగా చీలుస్తుంది, సన్నని మొన దూరడానికి చోటు తగ్గుతుంది.

తెలంగాణలోని కోనసముద్రం కత్తుల ఉక్కుకు ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. అయినా కత్తికి మంచి ఉక్కు గొలుసుకు మంచిది కాదు. కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉన్న ఆ ఉక్కు గట్టిది, పదును నిలుపుతుంది. తీగగా లాగి, వంచి, కొనకు బెజ్జం వేసే పనికి అది లొంగదు. కవచపు రింగులకు కార్బన్ తక్కువున్న మెత్తని ఇనుమే కావాలి. పనికి తగ్గ లోహం ఎంచుకోవడంలోనే పాతవాళ్ల తెలివి ఉంది.

గొలుసు కవచం కత్తి కోతను బాగా ఆపుతుంది. అంచు తగిలిన చోట భారం ఒక రింగు నుంచి నాలుగింటికి, నాలుగింటి నుంచి చుట్టూ ఉన్నవాటికి పంచుకుపోతుంది. గద దెబ్బను మాత్రం ఆపలేదు. గుడ్డలా వంగే వస్తువు దెబ్బను ఒంటికి దాటిస్తుంది. అందుకే లోపల దూదిపొరల అంగీ తొడిగేవారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయస్ కూడా సైనికుల దూదిపొరల అంగీల గురించి రాశాడు.

జమ్మలమడుగు పక్కనే పెన్న లోయ అంచున నిలబడిన గండికోట ఈ కవచాల కాలం ముగియడాన్ని చూసింది. 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే, కోటను పట్టుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఐరోపా పనివాళ్లతో ఫిరంగులు పోయించే ప్రయత్నంలో ఉన్నాడని రాశాడు. ఫిరంగి గుండు ముందు ఏ రింగూ నిలవదు. తుపాకీ మందు పెరిగేకొద్దీ గొలుసు కవచం యుద్ధం నుంచి తప్పుకుంది.

ప్రకృతిలోనూ, ప్రయోగశాలలోనూ

యుద్ధం వదిలేసినా శాస్త్రం ఈ అల్లికను వదలలేదు. మాంసం కోసే కర్మాగారాల్లో పనివాళ్ల చేతికి వేసే స్టీలు తొడుగులు సన్నని రింగుల అల్లికే. ప్రతి రింగుకూ వెల్డింగు పడి ఉంటుంది. సొరచేపలను దగ్గర నుంచి పరిశీలించే ఈతగాళ్లు తొడిగే స్టీలు దుస్తులూ అంతే.

ప్రకృతి ఈ పనిని మనకన్నా ముందే చేసింది. బాక్టీరియాలను తినే హెచ్‌కె97 అనే వైరస్ పైపొరలో ప్రొటీన్లు వలయాలుగా ముడిపడి, ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయని 2000లో శాస్త్రవేత్తలు చూపించారు. కాలా అజార్ జబ్బు కలిగించే లీష్మేనియా, దాని చుట్టాలైన పరాన్నజీవుల మైటోకాండ్రియాలో డీఎన్ఏ వేల చిన్న వలయాలుగా ఉండి, ఒకదానిలో ఒకటి దూరి వలలా అల్లుకుని ఉంటుంది.

2021లో అమెరికాలోని కాల్‌టెక్‌లో కియారా డరైయో బృందం, సింగపూరు శాస్త్రవేత్త యిఫాన్ వాంగ్ కలిసి నైలాన్‌తో బోలు ఆకారాలను ముద్రించి గొలుసు కవచంలా అల్లారు. మామూలుగా అది గుడ్డలా వాలుతుంది. దాన్ని సంచిలో పెట్టి గాలి లాగేస్తే ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి బిగుసుకుని 25 రెట్లకు పైగా బిర్రుగా మారుతుంది. విరిగిన కాలికి కావలసినప్పుడు గట్టిపడే కట్టు వంటివి దీనితో చేయవచ్చని వారి ఆలోచన.

అణువులను కూడా ఇలా ముడివేయవచ్చు. 1983లో ఫ్రాన్సుకు చెందిన జాన్ పియర్ సొవాజ్ రెండు అణు వలయాలను ఒకదానిలో ఒకటి దూర్చే తేలికైన పద్ధతి కనిపెట్టాడు. 2016 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో అతనొకడు. 2025 జనవరిలో అమెరికా నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో విలియం డిక్టెల్ బృందం అణువుల గొలుసు అల్లికతో ఒక పలచని పదార్థాన్ని ప్రకటించింది. అందులో ఒక చదరపు సెంటీమీటరుకు వంద లక్షల కోట్ల ముడులు ఉన్నాయి. సూత్రం మాత్రం ఇనుప అంగీదే: రింగులు ఒకదానికొకటి అతకవు, ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. అందుకే వంగుతాయి, అందుకే విడిపోవు.

మొదలుపెట్టేవారికి

మొదట అరచేయంత ముక్క చాలు. అల్యూమినియం తీగ, 8 మిల్లీమీటర్ల కడ్డీ, సన్న రంపం, పళ్లు లేని చదును మూతి పట్టకార్లు రెండు, కళ్లద్దాలు తెచ్చుకోండి. పళ్లున్న పట్టకారు తీగ మీద గాట్లు పెడుతుంది, ఆ గాట్ల దగ్గరే తీగ విరుగుతుంది. అల్యూమినియం మీద నల్లని మసి ఉంటుంది, సబ్బునీళ్లలో కడిగి వాడండి. మొదటి ముక్కలో అందం వెతకవద్దు, ప్రతి అతుకూ మూసుకుందా అని మాత్రం చూడండి. అది చేతికి వచ్చాక రాగికి, ఇత్తడికి మారవచ్చు. నగల్లో కనిపించే బైజాంటైన్ గొలుసువంటి అల్లికలు అప్పుడు నేర్చుకోవచ్చు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తాంతవత, స్థితిస్థాపకత, కేశనాళికీయత, మిశ్రమలోహాలు మన పిల్లలకు నిర్వచనాలుగానే అందుతున్నాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పిల్లలకు వాటిని కళ్లారా చూసే చోటు నడక దూరంలోనో బస్సు దూరంలోనో ఉంది. ఏడాదికి ఒక్కరోజు పిల్లలను ఒక ఆచారి పనిచోటుకు తీసుకుపోండి. కమ్మచ్చులోంచి తీగ రావడం, కాలిన తీగ మెత్తబడడం, మాటు సందులోకి పాకడం చూపించండి. తిరిగి వచ్చాక ప్రతి పిల్లవాడి చేత, ప్రతి ఆడపిల్ల చేత పది రింగులు చేయించి, తరగతి మొత్తం రింగులు కలిపి ఒక గుడ్డ అల్లించండి. యంత్రాల గొలుసులు పెరిగి చేతి పని తగ్గుతున్న ఈ రోజుల్లో ఆ విద్యకు గౌరవం దక్కుతుంది, పిల్లలకు లోహం అర్థమవుతుంది. ఖర్చు కొన్ని మీటర్ల తీగ మాత్రమే.